సామి ముందర సెన్సార్లు

సెప్టెంబర్ 8, సోమవారం

దీన్ని తెలుగులో రాస్తున్నాను. నేను చదివింది తమిళ బడిలో, అదీ పదో తరగతి దాకే. ఇంట్లో మాట్లాడేది తెలుగే గానీ మా ఊళ్లో దాన్ని చదవగలిగినవాడు ఒక్కడూ లేడు. ఈ అక్షరాలు నేను ఫోను చూసి, పోదనూరు స్టేషన్లో రైలు దిగినవాళ్లు వదిలేసిన పేపర్లు ఏరుకుని, ఎవడి సాయమూ లేకుండా నేర్చుకున్నాను. నేను పనిచేసే నూలు మిల్లులో ఎవడికీ రావు. కాబట్టి ఇందులో ఎవరిని ఏం తిట్టినా నాతోనే ఉంటుంది.

ఈ రోజు అర్చన అనే అమ్మాయి వచ్చింది. సెన్సార్ల కంపెనీ పంపింది. అట్టపెట్టె నిండా తెల్లటి చిన్న డబ్బాలు తెచ్చింది. ఒక్కొక్కటీ గుప్పిట్లో పట్టేంత. అడుగున అయస్కాంతం. బేరింగు మీద పెడితే టక్కున అతుక్కుంటుంది. వైరు లేదు. మెషీను ఎంత వణుకుతోందో ఎంత వేడెక్కిందో గాలిలోనే చెబుతుందట, గోడకు తగిలించిన ఇంకో పెట్టె దాన్ని అందుకుని ఫోనుకు పంపుతుందట. పచ్చరంగు వస్తే బాగున్నట్టు. పసుపు వస్తే చూడాలి. ఎరుపు వస్తే ఆపాలి. మెషీనుకు జబ్బు చేస్తే అది ముందే చెబుతుందని మా మొదలాళి, అంటే మిల్లు యజమాని, సౌందరరాజ అందరినీ పిలిచి చెప్పాడు. ఆ పని ఇన్నాళ్లూ ఎవరు చేశారో ఆయనకు గుర్తు రాలేదు.

తంగవేలు మామ పొద్దుటి నుంచీ ఆ అమ్మాయి వెంటే ఉన్నాడు. ఆయన మా హెడ్ ఫిట్టరు. నాకు చుట్టం కాదు, మా కరిసల్, అదే నల్లరేగడి, భూముల వైపు మనిషి, మా కులం, అంతే. చేరిన మొదటి రోజు నుంచి మామా అంటున్నాను. ఆయన ఆమెకు పత్తి ఏకే కార్డింగు మెషీను చూపించాడు, నూలు వడికే రింగ్ ఫ్రేము చూపించాడు, ఏ బేరింగు ఎప్పుడు మొరాయిస్తుందో చేయి చాపి చూపించాడు. నాకు ఏనాడూ చేయి చాపి చూపించలేదు. అడిగితే, కళ్లున్నాయి కదా చూసుకో అనేవాడు. చూసుకున్నాను. ఆయన వీపు వెనక నిలబడి దొంగలాగా నేర్చుకున్నాను.

సాయంత్రం నేను గ్రీజు గన్ను తుడుస్తుంటే వచ్చి చెప్పాడు.

"ఆ పాప పోదనూరు రైల్వే కాలనీ బిడ్డరా. మనట్ల తెలుగే మాట్లాడతాది."

ఆ మొహంలో వెలుగు చూడాలి.

ఈ మిల్లులో తమిళం, హిందీ, ఒడియా. మొదలాళి ఇంట్లో తెలుగే, కానీ గేటు దాటి లోపలికి వస్తే మాతో తమిళమే. తెలుగు అనేది ఇక్కడ మామదీ నాదీ. మెషీన్ల హోరులో ఆయన నా చెవి దగ్గర నోరు పెట్టి సూపర్‌వైజరును తిట్టేవాడు, సూపర్‌వైజరు పక్కనే నిలబడి నవ్వేవాడు.

సెప్టెంబర్ 9

నాకేం కోపం లేదు.

సెప్టెంబర్ 11, గురువారం

సెన్సార్లు పెట్టడం మొదలైంది. ఆమె ముందు ఫోనును డబ్బా దగ్గర పెడుతుంది, అది టింగుమంటుంది, అప్పుడు ఆ మెషీను పేరు ఫోనులో కొడుతుంది, తర్వాత డబ్బాను అతికిస్తుంది. డబ్బా పక్కన నల్ల మార్కరుతో నంబరు రాస్తుంది. నిచ్చెన పట్టుకున్నది నేను.

మిల్లులోకి తేమ గాలి తోసే సప్లై ఫ్యాన్లలో మూడోదాని దగ్గర ఆమె చేతిలోంచి ఒక డబ్బా జారి సిమెంటు మీద పడింది. ఒక మూల విరిగినా దాన్నే ఆ ఫ్యానుకు అతికించింది. మామ ఏమన్నాడు? పరవాల్లేదు పాపా అన్నాడు. పోయిన ఏడాది నేను స్పానర్ జారవిడిస్తే మా తాతదాకా తిట్టాడు.

అమ్మ ఫోను చేసింది. దీపావళితో మామ పని మానేస్తున్నాడు కదా, హెడ్ ఫిట్టరు పని నీకేనా, ఖాయమేనా అని. మామ మేలూరు దగ్గర కొడుకు దగ్గరికి పోతున్నాడు. పోయేముందు ఎవరిని పెట్టాలో మొదలాళి ఆయన్నే అడుగుతాడు. మిల్లులో అందరూ నా పేరే అంటున్నారు. అమ్మతో ఖాయమే అన్నాను. మామ మాత్రం ఇంతవరకు నోరు తెరిచి చెప్పలేదు.

చెబుతాడు. ఆయన నోటితోనే చెప్పాలి. మొదలాళి చెబితే నాకు చాలదు.

సెప్టెంబర్ 15, సోమవారం

అలర్టులు మూడు ఫోన్లకే వస్తాయి. మొదలాళికి, మామకు, అర్చనకు. నా నంబరు ఎందుకు లేదని అడిగాను. ఇప్పటికి ముగ్గురే అన్నా, తర్వాత కలుపుతాను అంది. అన్నా అంటుంది నన్ను. సరే.

నాకు అక్కర్లేదు. నాకు చెవులున్నాయి.

మామకు ఫోనులో తమిళం చదవడమే కష్టం, ఇప్పుడు ఆ రంగుల గీతలు చూసుకుంటూ తిరుగుతున్నాడు. కళ్లజోడు నుదుటి మీద, ఫోను చేతిలో. అది టింగుమంటే చాలు, "పాపా, ఇది ఏమంటాది చూడు" అని పరుగు. టీ తాగేటప్పుడు ఎప్పుడూ మా ఇద్దరికీ ఒకే అరుగు. ఈ రోజు ఆమె మధ్యలో కూర్చుంది. ఆమె ఆయన్ని అంకుల్ అంటుంటే ఆయనే, అంకుల్ ఏంటికి, మామ అను అన్నాడు.

మామ అను.

సెప్టెంబర్ 19, శుక్రవారం

పత్తి దులిపే బ్లో రూము ఫ్యానుకు పసుపు అలర్టు వచ్చింది. మామ తెరిపించి చూశాడు. పుల్లీ మరలు వదులైపోయి ఉన్నాయి. ఇంకో వారం అలాగే నడిస్తే షాఫ్టు పోయేది అన్నాడు. మొదలాళి కిందికి దిగివచ్చి అర్చనను మెచ్చుకున్నాడు. మామ అయితే ఆమెను కన్నవాడిలాగా నిలబడ్డాడు.

ఆ ఫ్యానులో ఏదో తేడా ఉందని సోమవారమే నాకు అనిపించింది.

సెప్టెంబర్ 20

అనిపించలేదు. సోమవారం నేను ఆ ఫ్యాను పక్కనే కూర్చుని పొరోటా తిన్నాను. ఏమీ వినబడలేదు.

సెప్టెంబర్ 23, మంగళవారం

ఇది రాయకూడదు అనుకున్నాను. రాస్తున్నాను.

మామ తన పనిముట్ల పెట్టెకు కొత్తగా నీలం రంగు వేశాడు. మూత మీద పేరు రాయమని అర్చనకు ఇచ్చాడు. తమిళంలో కాదు, తెలుగులో రాయి పాపా, నా పేరు మన ఎళుత్తులో ఎట్ల ఉంటుందో ఒకసారన్నా చూడాల అన్నాడు. ఆమె రైల్వే బడిలో తెలుగు చదువుకుందట, తెల్ల పెయింటుతో రాసింది. తంగవేలు. ఆయన ఆ అక్షరాల మీద వేలు పెట్టబోయి, పెయింటు తడి అని తీసేశాడు.

రెండేళ్ల కింద నేను ఆయన పేరు తెలుగులో రాసి చూపించాను. కాటన్ వేస్టు చుట్టిన అట్టముక్క మీద, చాక్‌పీసుతో. నేర్చుకున్న మొదటి నెలలో రాసిన మొదటి పేరు అది. నా పేరు కూడా కాదు. ఆయన చూసి, "ఏమిరా ఇది, వానపాము మెలికలు తిరిగినట్ల ఉండాది. దీనితో ఏం చేస్తావు? పోయి బెల్టు చూడు" అన్నాడు.

బెల్టు చూశాను.

ఆమె అక్షరాలు నా అక్షరాల కన్నా ఏం బాగాలేవు.

సెప్టెంబర్ 26

మామ తన స్క్రూడ్రైవరు కొన బేరింగు మీద పెట్టి, పిడి ఆమె చెవికి ఆనించి వినిపించాడు. ఇదిగో ఇది మంచి చప్పుడు, ఇదిగో ఇది ఇసక పడిన చప్పుడు అని ఒక్కొక్కటీ చెప్పాడు. ఆమె కళ్లు మూసుకుని వింది. తర్వాత ఆ గీతలు చూపించి, ఇదే మామా మీరు విన్నది, ఇక్కడ ఉంది అంది. ఇద్దరూ చిన్నపిల్లల్లాగా నవ్వుకున్నారు.

నేను అవతలి వరసలో ఉన్నాను. నన్ను చూశారో లేదో.

అక్టోబర్ 1, బుధవారం, ఆయుధ పూజ

మిల్లంతా ఆగింది. ఏడాదికి ఈ ఒక్క రోజే ఇంత నిశ్శబ్దం. అర్చన సెలవులో ఉంది.

ఫిట్టింగ్ షాపులో పూజ ఏర్పాటు ప్రతి ఏడూ నాదే. స్పానర్లు, పుల్లర్లు, సుత్తులు, గ్రీజు గన్నులు అన్నీ కిరోసినులో తడిపిన కాటన్ వేస్టుతో తుడిచి అమ్మవారి పటం ముందు వరసగా పెట్టాలి. వేల చేసే వస్తువు, అంటే పని చేసేది, ఏదీ బయట మిగలకూడదని మామ నియమం. టేపు కూడా ఉండాలి. పోయిన ఏడు ఒక సూది ఫైలు మరిచిపోయానని దాన్ని వెతికేదాకా హారతి వెలిగించనివ్వలేదు.

నేనే అన్నాను. "మామా, మరి ఆ సెన్సార్లు? అవీ వేల చేసేవే కదా. అవి సామి ముందర పెట్టవద్దా?"

మామ పటం వైపు చూశాడు. అప్పుడు ఆయన మొహం వెలిగింది. మంచి మాట చెప్పావు, పాప ఉంటే సంతోషపడేది, అన్నీ ఊడదీసి తీసుకురా అన్నాడు.

అన్నీ ఊడదీశాను. ఒక్కొక్కటి అయస్కాంతం వదిలినప్పుడు టక్, టక్ అని వచ్చింది. బకెట్‌లో వేసుకుని తెచ్చాను. చెప్పాలంటే ఆ రోజంతా అదే నాకు నచ్చిన పని. నూనె మరకలు ఉన్నాయని వాటినీ కిరోసినుతో తుడిచాను. ఆమె మార్కరుతో రాసిన నంబర్లు పోయాయి. పోతాయని తెలియదు.

మామ ఒక్కొక్క డబ్బాకూ గంధం పెట్టి కుంకుమ బొట్టు పెట్టాడు. అందరికీ పొరి, అదే మరమరాలు, బెల్లం పంచాం. గుమ్మడికాయ గేటు దగ్గర కొట్టాం. గోడకు తగిలించిన ఆ పెద్ద పెట్టెకు కూడా మామ దండ వేశాడు.

అక్టోబర్ 3, శుక్రవారం

సెన్సార్లు తిరిగి పెట్టేశాను. అన్నీ ఒకలాగే ఉన్నాయి, ఏది ఎక్కడిదో ఎవడు చూస్తాడు. డబ్బా ఏ బేరింగు మీద కూర్చుంటే ఆ బేరింగు సంగతి చెబుతుంది. అంతే కదా.

ఆమె ఫోనులో పేరు కొట్టడం నేను చూశానా లేదా అన్నది నాకు సరిగా గుర్తు లేదు.

అక్టోబర్ 6, సోమవారం

మూడో సప్లై ఫ్యానుకు పసుపు. మామ స్క్రూడ్రైవరు పెట్టి విన్నాడు. ఏమీ లేదు. నన్ను పిలిచాడు. చాలా రోజుల తర్వాత నన్ను పిలిచాడు. "రారా శరవణా, నువ్వు విను." విన్నాను. నిజంగానే ఏమీ లేదు. బేరింగు వెన్నలాగా తిరుగుతోంది.

ఏమీ లేదు మామా అన్నాను. ఇద్దరం ఒకే మాట అన్నాం.

అర్చన ఫోను చూస్తూ, రీడింగు పెరుగుతోంది మామా, అంది. మామ స్క్రూడ్రైవరు నడుముకు దోపుకుని వెళ్లిపోయాడు.

అక్టోబర్ 7, మంగళవారం

ఎరుపు. మళ్లీ అదే ఫ్యాను. మొదలాళి ఆఫీసు నుంచి ఫోను చేశాడు. మామ మళ్లీ విన్నాడు, చేత్తో తడిమాడు, బెల్టు చూశాడు. ఫ్యాను బంగారం అన్నాడు.

అర్చన ఒక్కటే అడిగింది. ఆ ఫ్యానును కొంచెంసేపు ఆపండి, రీడింగు పడిపోతుందో లేదో చూస్తాను అంది. మామ నా వైపు చూశాడు. నేను చెప్పాను, సప్లై ఫ్యాను ఆపితే తేమ పడిపోతుంది, దారాలు తెగిపోతాయి, దీపావళి ముందు ఎవడు సమాధానం చెబుతాడు అని. అబద్ధం కాదు. కొంచెంసేపటికే అంత తెగవు, కానీ తెగుతాయి.

"మంచి ఫ్యానును ఏంటికి ఆపాల పాపా?" అన్నాడు మామ. గొంతు మారింది. అంతకుముందు ఆమెతో ఆ గొంతుతో మాట్లాడగా నేను వినలేదు.

టీ వేళ అరుగు మీద మేమిద్దరమే కూర్చున్నాం. ఈ డబ్బాలు మనిషి చెవికి సాటి రావు కదా అన్నాడు. నా భుజం మీద చేయి వేశాడు.

ఈ రోజు చాలా బాగుంది.

అక్టోబర్ 8

మొదలాళి ఫోనులో ఆమెను గట్టిగా అన్నాడట. ఆమె బ్యాటరీలు మార్చింది, గోడ పెట్టె ఊడదీసి బిగించింది. దండలోని ఎండిన పూలు దాని వెనక ఇరుక్కుని ఉంటే ఒక్కొక్కటీ తీసింది. మధ్యాహ్నం నా దగ్గరికి వచ్చి నిలబడింది.

"అన్నా, పూజకు తీసినవి మళ్లీ ఏది ఎక్కడిదో అక్కడే పెట్టారా?"

"ఆ."

"నంబర్లు చెరిగిపోయాయి కదా. ఎట్ల గుర్తుపట్టారు?"

"నాకు తెలుసు. ఈ మిల్లులో ఏది ఎక్కడిదో నాకు తెలియనిది లేదు."

ఆమె సరే అంది. నమ్మినట్టే వెళ్లింది. తోడు ఎవరూ లేకుండా ఒక్కతే క్యాంటీన్లో కూర్చుని టిఫిన్ డబ్బా తెరిచింది.

సంతోషం వేయాలి. వేసింది కూడా. కొంచెం.

అక్టోబర్ 9, గురువారం

ఆలోచించాను. మూడో ఫ్యాను డబ్బా వేరే ఏ మెషీను మీదో ఉంటే, ఆ మెషీను బేరింగే చస్తోంది. డబ్బా అబద్ధం చెప్పడం లేదు, తప్పు పేరుతో చెబుతోంది. ఎవరికీ చెప్పకుండా ఆ మెషీను నేనే కనిపెట్టాలి. కనిపెట్టి మామ ముందు పెట్టాలి. ఫోనుకు దొరకనిది శరవణన్‌కు దొరికింది అని మిల్లంతా అనాలి.

షిఫ్టంతా స్క్రూడ్రైవరు పట్టుకుని తిరిగాను. అన్ని మోటార్లూ విన్నాను. అన్ని ఫ్యాన్లూ విన్నాను. కంప్రెసరు విన్నాను. ఇనప మెట్లు దిగి నేల కింది సొరంగంలోకి పోయి మిల్లులోని గాలిని వెనక్కి లాగే రిటర్న్ ఎయిర్ ఫ్యాను కూడా విన్నాను. అక్కడ గాలి హోరు తప్ప ఇంకేమీ వినబడదు. మామకు వినబడుతుంది అంటారు.

ఏ ఒక్కదానిలోనూ నాకు తేడా వినబడలేదు. ఇన్నేళ్లు నేర్చుకున్న చెవి ఇది.

కింద రిటర్న్ ఫ్యాను బేరింగు మీద ఉన్న డబ్బాకు ఒక మూల విరిగి ఉంది. మామ పెట్టిన కుంకుమ బొట్టు ఇంకా ఉంది. ఏ డబ్బాకైనా మూల విరగవచ్చు.

అక్టోబర్ 10

విరగవచ్చు.

అక్టోబర్ 11, శనివారం

జరిగింది జరిగినట్టు రాయాలని లేదు. అయినా రాస్తాను.

శనివారం రిటర్న్ ఫ్యానుకు గ్రీజు పెట్టే రోజు. మామ ఎప్పుడూ ఫ్యాను తిరుగుతుండగానే పెడతాడు. ఆపి పెడితే గ్రీజు అంతటా పట్టదని ఆయన నమ్మకం. ఒక చేయి బేరింగు మూత మీద ఆనించి, మొహం దగ్గరగా పెట్టి, ఇంకో చేత్తో గన్ను నొక్కుతాడు. అరచేతికి గ్రీజు దిగడం తెలుస్తుందట. బెల్టు ఆయన చెంపకు జానెడు దూరంలో పరిగెత్తుతుంది.

ఆయన గన్ను తీసుకుని మెట్ల దగ్గరికి వచ్చాడు. నేను పైన ఫ్యాన్ల స్విచ్చులున్న ప్యానెల్ దగ్గర ఉన్నాను. అర్చన పరుగెత్తుకుంటూ వచ్చింది. ఎరుపు బాగా పెరిగిపోయింది మామా, ఇప్పుడే ఆపాలి, నా మాట వినండి, మూడో ఫ్యాను ఒక్కసారి ఆపండి అని బతిమాలింది. మామకు విసుగు వచ్చేసింది.

"చాలు పాపా. నీ డబ్బా వారమంతా అబద్ధం చెప్తుండాది. నన్ను నా వేల చేయనీ."

మెట్లు దిగాడు. మొదట కాళ్లు కనబడకుండా పోయాయి, తర్వాత తల పోయింది.

ఆయన ఆమెను అలా అంటుంటే నాకు లోపల చల్లగా ఉంది. అది నిజం. ఆయన తల కనబడకుండా పోయాక కూడా ఒక క్షణం చల్లగానే ఉంది. నా చేయి ప్యానెల్ పక్కనే ఉంది. చెబితే ఆమెదే గెలుపు అనుకున్నాను. ఫ్యాను ఏమీ కాకుండా తిరిగితే మామ పైకి వస్తాడు, సాయంత్రం ఇద్దరం అరుగు మీద కూర్చుంటాం అనుకున్నాను. ఇదంతా అనుకునే అంతసేపు నేను నిలబడే ఉన్నాను.

కింద నుంచి, హోరును దాటి, గ్రీజు గన్ను బేరింగు మూతకు టంగుమని తగిలిన చప్పుడు వచ్చింది.

రిటర్న్ ఫ్యాను ఎర్ర బటను కొట్టేశాను.

హోరు తగ్గుతూ తగ్గుతూ, చివరలో ఒక చప్పుడు వచ్చింది. గింజలు రేకు డబ్బాలో దొర్లినట్టు. గాలి హోరు కింద అది ఎన్ని రోజుల నుంచి ఉందో. అప్పుడు నాకు కూడా వినబడింది. అందరికీ వినబడింది.

మామ పైకి వచ్చాడు, ఎవడ్రా ఆపింది అని అరుస్తూనే. నేనే అన్నాను. ఏంటికి అన్నాడు. చెప్పాను. డబ్బాలు నేనే తారుమారు చేసినాను, మూడో ఫ్యాను డబ్బా కింద ఉండాది, నిన్న కాక మొన్నే చూసినాను, చెప్పలేదు అన్నాను. అర్చన అక్కడే ఉంది. ఆమె ఒక్క మాట అంది.

"మిమ్మల్ని అడిగాను కదా అన్నా."

మూత విప్పింది మామే. బేరింగు లోపల గుండ్లను పట్టి ఉంచే పంజరం ముక్కలైపోయి ఉంది. గ్రీజుతో పాటు గుండ్లు జారి సొరంగం నేల మీద పడ్డాయి. వేడికి షాఫ్టు నీలం రంగు తిరిగింది. మామ తన అరచేయి ఒకసారి చూసుకుని, లుంగీకి తుడుచుకుని, మళ్లీ చూసుకున్నాడు.

మొదలాళి వచ్చాడు. మామ నాకన్నా ముందు నోరు తెరిచాడు. పూజకు సెన్సార్లు ఊడదీయించింది నేనే, తప్పు నాది, ఈ పిల్లవాడు సమయానికి ఆపాడు అని చెప్పాడు. అర్చన తల దించుకుని ఫోనులో ఎరుపు అలర్టు మూసేసింది. నేను ఆ మాట అలాగే ఉండనిచ్చాను.

అక్టోబర్ 13, సోమవారం

కొత్త బేరింగు వేశాం. మామ నన్ను పుల్లరు తీసుకురమ్మన్నాడు. తమిళంలో అన్నాడు.

పక్కన తమిళంవాళ్లు ఉన్నారు, అందుకని అనుకున్నాను.

అక్టోబర్ 14

ఎవరూ లేరు. సొరంగంలో మేమిద్దరమే. నేను తెలుగులో అడిగాను, బోల్టు ఎంత బిగించాల మామా అని. "పోదుం, విట్టురుంగ" అన్నాడు. చాలు, వదిలేయండి అని. ఆఫీసు గుమాస్తాతో మాట్లాడే మర్యాదతో.

అరుస్తాడేమో అని రెండు రోజులు ఎదురు చూశాను. మా తాతదాకా తిట్టాలి కదా. తిట్టలేదు.

అక్టోబర్ 15

ఆమెతో తెలుగే.

అక్టోబర్ 18, శనివారం

మొదలాళి పిలిచి దీపావళి అయ్యాక హెడ్ ఫిట్టరు నువ్వే అన్నాడు. తంగవేలు నీ పేరు తప్ప ఇంకో పేరు చెప్పలేదు అన్నాడు. అమ్మకు ఫోను చేశాను. ఈ రామక్కాళ్ కొడుకు హెడ్ ఫిట్టరు అయ్యాడని అమ్మ తన పేరు పెట్టి వీధంతా చెప్పి ఉంటుంది.

నా పేరు చెప్పిన మాట నాకు చెప్పలేదు మామ. ఆయన దగ్గరికి పోయి నిలబడ్డాను. పనిముట్లు సర్దుకుంటున్నాడు. ఎందుకు మామా నా పేరు చెప్పినావు అన్నాను. ఆయన తమిళంలోనే, మెషీన్లు మీకు తెలుసు, అర్చనమ్మ చెప్పినట్టు వినండి, గ్రీజు ఇకమీద ఆపి పెట్టండి అన్నాడు. కోపంగా లేదు. కోపంగా ఉంటే పట్టుకుని వేలాడడానికి ఏదో ఒకటి ఉండేది.

తిట్టు మామా అన్నాను. ఆయన పెట్టె మూత వేశాడు.

అక్టోబర్ 24

అర్చన అన్ని డబ్బాలూ మళ్లీ ఫోనుతో జత చేసింది. ఈసారి నంబర్లు రేకు మీద కొట్టించింది. నా నంబరు కలిపింది. అలర్టులు ఇప్పుడు నాకు వస్తాయి. టింగుమన్న ప్రతిసారీ చేతిలో పని వదిలేసి చూస్తాను. నిచ్చెన పట్టుకున్నాను. ఆమె ఏది ఎందుకు చేస్తోందో చెబుతూ చేసింది. అడగకుండానే చెప్పింది. నన్ను ద్వేషిస్తే బాగుండును. ఆమెకు అంత తీరిక లేదు.

నవంబర్ 5, బుధవారం

టీ వేళ నేను కంప్రెసరు రూము బయట ఉన్నాను. అర్చన తలుపు అవతల ఫోనులో మాట్లాడుతోంది. "చెప్పండి మామా" అంది. మేలూరు నుంచి. వారానికోసారి చేస్తాడట, నాకు తెలియదు. కోడలు వండే కారం గురించి చెబుతున్నట్టున్నాడు, ఆమె నవ్వింది. రెండో సప్లై ఫ్యాను బెల్టు ఎలా ఉందని అడిగినట్టున్నాడు, మార్చాం మామా, శరవణన్ అన్నే మార్చాడు అంది. తలుపులోంచి నన్ను చూసి ఫోను చాపింది.

తీసుకున్నాను. "మామా, బాగుండారా?" అన్నాను. అటువైపు ఆడుతున్న చిన్నపిల్లల చప్పుడు. ఆయన తమిళంలో, మిల్లు బాగా నడుస్తోందా అని అడిగాడు. నడుస్తుండాది మామా అన్నాను. అమ్మ ఎలా ఉందని అడిగాడు. బాగుండాది అన్నాను. ఫోను ఆమెకు ఇచ్చేశాను.

ఆయన మళ్లీ తెలుగులోకి వచ్చాడు. ఏం చెప్పాడో తెలియదు, ఏదో తమాషా, చెప్పి తనే ముందు నవ్వాడు. ఆ నవ్వు ఆమె చెవి పక్కనుంచి బయటికి వినిపించింది. కంప్రెసరు నడుస్తూనే ఉంది, అయినా వినిపించింది. నాకు రింగ్ ఫ్రేముల దగ్గర పని ఉంది. పోలేదు. గోడకు ఆనుకుని, ఆమె ఫోను పెట్టేసేదాకా అక్కడే నిలబడి విన్నాను.